జవాబు ఏ వాక్యంలో ఉంది? – ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌పై పాఠకుల సందేహాలు

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్న విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం రీడింగ్ గురించే ఉంటున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపేశాం.

బీటెక్ అయింది. అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌కు తయారవుతున్నాను. రెండు నెలలుగా రోజుకో రీడింగ్ టెస్ట్ చేస్తున్నా 40కి 22, 24 దగ్గరే ఆగిపోతోంది. నాకు 7 బ్యాండ్ కావాలి. ఇంకా ఎన్ని టెస్టులు చేయాలి? ఏ పుస్తకాలు కొనాలి?
– బ్రాడీపేట, గుంటూరు

టెస్టులు పెంచకండి, తగ్గించండి. అకడమిక్ (యూనివర్సిటీ చదువుల కోసం రాసే రకం) రీడింగ్‌లో సుమారు 23 సరైన జవాబులకు 6 బ్యాండ్ (9 దాకా ఉండే స్కోరు), 30కి 7 బ్యాండ్ వస్తాయి. అంటే మీకు కావలసింది ఇంకో ఆరు నుంచి ఎనిమిది జవాబులు. పోతున్న ఆ మార్కులు పేపర్ అంతా చెల్లాచెదురుగా ఉండవు. చాలామందికి రెండు మూడు రకాల ప్రశ్నల్లోనే పోతాయి. అవి ఏవో తెలియకుండా కొత్త పేపర్ చేయడమంటే, రోగమేమిటో చూడకుండా మందు మార్చడమే.

వారానికి రెండు పూర్తి టెస్టులు చాలు. టెస్ట్‌కు గంట పెడితే, దాన్ని విప్పి చూసుకోవడానికి కనీసం గంటన్నర పెట్టండి. చాలామంది గంట అవగానే వెనక పేజీ తిప్పి కీ (సరైన జవాబుల జాబితా) చూసేస్తారు. సాధన చెడేది అక్కడే. గంట పూర్తవగానే పెన్ను ఆపి, జవాబుల కింద ఒక గీత గీయండి. పది నిమిషాలు లేచి తిరిగి రండి. ఇప్పుడు వేరే రంగు పెన్ను తీసుకోండి. అనుమానంగా రాసినవి, వదిలేసినవి అన్నీ సమయం లెక్క పెట్టుకోకుండా మళ్లీ చేసి, పక్కన రెండో జవాబు రాయండి. ఆ తర్వాతే కీ తెరవండి.

మొదటి జవాబు తప్పై రెండోది ఒప్పయితే మీకు ఇంగ్లిష్ వచ్చు, తొందర దెబ్బతీస్తోంది. రెండూ తప్పయితే ఆ వాక్యం గాని, ఆ రకం ప్రశ్న గాని అర్థం కాలేదన్నమాట. మూడో రకం కూడా ఉంది. ఊహించి రాస్తే తగిలిన జవాబు. పరీక్షలో దానికి మార్కు వస్తుంది గాని, ఇంట్లో దాన్ని తప్పుగానే లెక్కేయండి. మీ 24లో అలాంటివి నాలుగుంటే మీ అసలు బలం 20. రోజు బాగుంటే 26, బాగోకపోతే 19 రావడం అందువల్లే.

కీ చూశాక ప్రతి ప్రశ్నకూ, ఒప్పయినవాటికి కూడా, జవాబును రుజువు చేసే వాక్యం కింద ప్యాసేజీలో గీత గీసి మార్జిన్‌లో ప్రశ్న నంబరు వేయండి. నలభై ప్రశ్నలకు నలభై చోట్లు కనపడాలి, ఒక్క ‘నాట్ గివెన్’ (ప్యాసేజీలో ఆ సంగతి చెప్పలేదు) అనే జవాబులకు తప్ప. వేలు పెట్టి చూపలేని జవాబు మీది కాదు. వారం రోజులు విసుగ్గానే ఉంటుంది. ఆ తర్వాత టెస్ట్ చేస్తున్నప్పుడే కళ్లు రుజువు వాక్యం కోసం వెతకడం మొదలుపెడతాయి. స్కోరు కదిలేది అప్పుడే.

తప్పుల నోట్‌బుక్‌లో నాలుగు గడులు చాలు. మొదటి గడిలో ప్రశ్న రకం, రెండో దాంట్లో ప్రశ్నలో ఉన్న మాటలు, మూడో దాంట్లో అదే సంగతిని ప్యాసేజీ చెప్పిన మాటలు, నాలుగో దాంట్లో తప్పు ఎందుకు జరిగిందో ఒక్క ముక్కలో రాయండి. ‘అర్థం కాలేదు’ అని మాత్రం రాయొద్దు. ‘ఓన్లీ అనే మాట చూడలేదు’, ‘పేరా చివరి వాక్యం దాకా వెళ్లలేదు’, ‘దిస్ అన్నది ముందు వాక్యంలో దేన్ని చూపుతోందో పట్టుకోలేదు’. ఇలా ఉండాలి. నాలుగు టెస్టులయ్యాక నాలుగో గడి ఒక్కటీ పైనుంచి కిందకు చదవండి. మూడు నాలుగు కారణాలే మళ్లీ మళ్లీ కనపడతాయి. తర్వాతి వారం వాటి మీదే పని చేయండి. రోజూ ఒకే రకం ప్రశ్నల సెట్లు నాలుగు తీసుకుని అవే చేయండి.

పుస్తకాల సంగతి కూడా అడిగారు. కేంబ్రిడ్జి వాళ్లు ప్రచురించే అసలు పరీక్ష పేపర్ల సంపుటాలు మూడు నాలుగు చాలు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కొనేటప్పుడు అట్ట మీద అకడమిక్ అని ఉందో, జనరల్ ట్రైనింగ్ (ఉద్యోగం, వలస కోసం రాసే రకం) అని ఉందో చూడండి. వెనక కీ పేజీలు చిరిగిపోకుండా ఉన్నాయా, ముందు వాడినవాళ్లు పెన్నుతో జవాబులు రాసేశారా అన్నది కూడా తిరగేసి చూడండి. పెన్సిల్ గుర్తులైతే చెరిపేసుకోవచ్చు. ఎవరు తయారుచేశారో తెలియని జిరాక్స్ మెటీరియల్‌తో మాత్రం జాగ్రత్త. వాటిలో కీ తప్పుల తడక. ముఖ్యంగా ‘నాట్ గివెన్’ జవాబుల విషయంలో తప్పు కీని నమ్మి మీ తర్కాన్ని మార్చుకుంటే, సరిదిద్దుకోవడానికి నెల పడుతుంది.

‘ఫాల్స్’కూ ‘నాట్ గివెన్’కూ తేడా ఎంత చదివినా తేలడం లేదు. ఈ ఒక్క రకంలోనే ప్రతి టెస్ట్‌లో మూడు నాలుగు పోతున్నాయి.
– డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

ఈ ప్రశ్న మరో ఇద్దరు కూడా అడిగారు. ఇచ్చిన స్టేట్‌మెంట్ ప్యాసేజీ ప్రకారం ట్రూనా, ఫాల్సా, నాట్ గివెనా అని తేల్చాల్సిన ప్రశ్నలివి. ఉదాహరణతో చూద్దాం. పరీక్షలో ఇంగ్లిష్‌లో ఉంటుంది. లెక్క తేలడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

‘విజయవాడ దగ్గర కృష్ణానదిపై 19వ శతాబ్దం మధ్యలో కట్టిన ఆనకట్ట దాదాపు వందేళ్లు డెల్టాకు నీరందించింది. 1952లో అది తెగడంతో దాని స్థానంలో కొత్త బ్యారేజి కట్టాలని నిర్ణయించారు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజి సాగునీరు ఇవ్వడంతో పాటు, రెండు ఒడ్లను కలిపే రోడ్డుగా కూడా ఉపయోగపడింది.’

మొదటి స్టేట్‌మెంట్: కొత్త బ్యారేజి కట్టాలన్న నిర్ణయం పాత ఆనకట్ట తెగాకే జరిగింది. ఇది ట్రూ. ‘తెగడంతో నిర్ణయించారు’ అన్నది రుజువు.

రెండోది: బ్యారేజి సాగునీటికి మాత్రమే ఉపయోగపడింది. ఇది ఫాల్స్. ‘మాత్రమే’ను ‘రోడ్డుగా కూడా’ అన్న మాట కొట్టేస్తోంది.

మూడోది: ఆనకట్ట తెగిన ఏడాది డెల్టా రైతులు పంట నష్టపోయారు. ఇక్కడే చాలామంది ట్రూ పెడతారు. ఆనకట్ట తెగితే పంట పోదా అనిపిస్తుంది. అది మన ఊహ. ప్యాసేజీలో పంట మాటే లేదు. నాట్ గివెన్.

నాలుగోది: పాత ఆనకట్ట కన్నా కొత్త బ్యారేజి ఎక్కువ ఎకరాలకు నీరిచ్చింది. ఇదీ నాట్ గివెన్. రెండింటి గురించీ ప్యాసేజీ మాట్లాడింది గాని, ఎకరాల లెక్కలో పోల్చలేదు. రెండు వస్తువులూ ప్యాసేజీలో ఉండి పోలిక లేకపోతే దాదాపు ఎప్పుడూ నాట్ గివెనే. పేపర్ తయారుచేసేవాళ్లకు ఇది బాగా ఇష్టమైన ఉచ్చు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్యాసేజీ వాక్యాన్నీ స్టేట్‌మెంట్‌నూ పక్కపక్కన పెట్టి, ‘ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవా?’ అని అడగండి. కాలేవు అంటే ఫాల్స్. కాగలవు, కానీ ప్యాసేజీ ఆ సంగతి చెప్పలేదు అంటే నాట్ గివెన్. రైతులు నష్టపోయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఏది జరిగినా పై పేరాలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అదే, బ్యారేజిని నీటికి ‘మాత్రమే’ వాడారంటే పేరా అబద్ధమైపోతుంది. ఇంకో రకంగా చూస్తే, ఫాల్స్ అని రాసేముందు ప్యాసేజీ మాటలతోనే ఆ స్టేట్‌మెంట్‌ను సరిచేసి చెప్పగలగాలి. సరైన సంగతి చెప్పలేకపోతే అది ఫాల్స్ కాదు.

స్టేట్‌మెంట్ చదివేటప్పుడు విషయం మీద కాకుండా పరిధి చెప్పే మాటల మీద గీత గీయండి. ఆల్, ఓన్లీ, మోస్ట్, సమ్, ఫస్ట్, మెయిన్, ఆల్వేస్ లాంటివి. అలాగే ఒకటి మరొకదానికి కారణం అని చెప్పే మాటలు కూడా. రెండు సంఘటనలు వరసగా జరిగాయని ప్యాసేజీ చెబితే, స్టేట్‌మెంట్ ఒకదానివల్ల ఇంకోటి జరిగిందంటుంది. అది నాట్ గివెన్.

ఈ ప్రశ్నల జవాబులు ప్యాసేజీలో వరసగానే వస్తాయి. మూడో ప్రశ్న రుజువు రెండో పేరాలో, ఐదోది నాలుగో పేరాలో దొరికితే, నాలుగోదాన్ని ఆ మధ్యలోనే వెతకాలి. ఆ మధ్య రెండుసార్లు చూసినా కనపడకపోతే నాట్ గివెన్ రాసి ముందుకు వెళ్లండి. లేనిదాన్ని వెతుకుతూ నాలుగు నిమిషాలు పోగొట్టుకోవడమే ఈ రకంలో అసలు నష్టం. ఒక్కోదానికి నిమిషంన్నర దాటనివ్వకండి.

కొన్ని సెట్లలో ట్రూ, ఫాల్స్‌కు బదులు యెస్, నో ఉంటాయి. అవి వాస్తవాలకు కాదు, రచయిత అభిప్రాయానికి. ప్యాసేజీలో ఎవరో శాస్త్రవేత్త అన్నమాట రచయిత మాట కాదని గుర్తుంచుకోండి. సూచనలో ఏ మాట ఉంటే ఆన్సర్ షీట్‌లో అదే రాయాలి.

పేరాలకు హెడ్డింగ్‌లు జతచేసే ప్రశ్నను ముందు చేయాలని ఒక కోచింగ్ సెంటర్‌లో, చివర చేయాలని ఇంకో చోట చెప్పారు. ఏది సరి?
– పటమట, విజయవాడ

ముందే చేయండి, కానీ హెడ్డింగ్‌ల జాబితా చదవకుండా మొదలుపెట్టండి. ఆ జాబితాలో పేరాల కంటే ఎక్కువ హెడ్డింగ్‌లుంటాయి. వాటిని ముందే తలలో నింపుకుంటే ప్రతి పేరాలోనూ వాటి మాటలే కనపడతాయి. ఒక పేరా చదివి, అది ఏం చెబుతోందో నాలుగైదు మాటల్లో పక్కన రాసుకోండి. తెలుగులో రాసుకున్నా ఫరవాలేదు. ఆ తర్వాత జాబితాలో మీ మాటకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇలా చేస్తే ప్యాసేజీ ఒకసారి పూర్తిగా చదివినట్టూ అవుతుంది. మిగతా ప్రశ్నలకు ఏ పేరాకు వెళ్లాలో తెలిసిపోతుంది.

కొండపల్లి బొమ్మల మీద ఒక పేరా ఉందనుకుందాం. మొదటి రెండు వాక్యాలు తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో, దాన్ని ఎలా చెక్కుతారో చెబుతాయి. మూడో వాక్యం ‘హౌఎవర్’తో మొదలై ఆ చెట్లు తగ్గిపోతున్నాయంటుంది. మిగతా నాలుగు వాక్యాలూ కర్ర కోసం కళాకారులు పడే ఇబ్బందే. జాబితాలో ‘బొమ్మ తయారీ విధానం’ అనీ, ‘ముడిసరుకు కొరత’ అనీ రెండూ ఉంటాయి. మొదటి వాక్యం మాత్రమే చదివి హెడ్డింగ్ పెట్టమని చెప్పే చిట్కా ఇలాంటి చోట కొంప ముంచుతుంది. బట్, యెట్, హౌఎవర్ తర్వాత వచ్చే భాగమే చాలా పేరాల్లో అసలు సంగతి. పేరాలో సగానికి మించి దేని గురించి ఉందో చూడండి. ఒక్క వాక్యంలో వచ్చి పోయిన వివరం హెడ్డింగ్ కాదు. హెడ్డింగ్‌లోని మాట పేరాలో యథాతథంగా కనపడితే సంతోషించకండి, అనుమానించండి.

ఈ రకంలో ఒక తప్పు ఇంకో తప్పును లాక్కొస్తుంది. రెండు హెడ్డింగ్‌ల మధ్య ఊగుతుంటే రెండింటి నంబర్లూ పక్కన రాసి తర్వాతి పేరాకు పోండి. మిగతావి తేలాక ఏది మిగిలిందో చూస్తే చిక్కు దానంతటదే విడిపోతుంది.

మూడో ప్యాసేజీ ఎప్పుడూ సగంలో ఆగిపోతోంది. వేగంగా చదవడం ఎలా?
– నల్లపాడు, గుంటూరు

మీకు కావలసింది వేగం కాకపోవచ్చు. ముందు లెక్క చూడండి. అకడమిక్ పేపర్‌లో మూడు ప్యాసేజీలూ కలిపి 2150 నుంచి 2750 పదాలు. నిమిషానికి 150 పదాలు చదివితే, ఎక్కువలో ఎక్కువ 18 నిమిషాల చిల్లర. ఇంకా దాదాపు 42 నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నకు నిమిషం పైనే. అంటే సమయం పోయేది చదవడంలో కాదు, ఒకే పేరాను నాలుగుసార్లు తిరగేయడంలో. మీ వేగం తెలుసుకోవాలంటే 900 పదాల ప్యాసేజీ ఒకటి తీసుకుని గడియారం పెట్టుకుని చదవండి. ఆరు నిమిషాల్లో అయితే మీ వేగం 150. తొమ్మిది నిమిషాలు దాటితే అప్పుడు వేగం మీద పని చేయాలి. దాని గురించి కింద ఇంకో జవాబులో చెప్పాం.

ప్యాసేజీలు రానురాను కష్టమవుతాయి. అందుకని మొదటిదానికి 17 నిమిషాలు, రెండోదానికి 20, మూడోదానికి 23 పెట్టుకోండి. 17 కాగానే, రెండు ప్రశ్నలు మిగిలినా సరే, ఏదో ఒక జవాబు రాసి పక్కన చుక్క పెట్టి కదలాలి. ఐఈఎల్‌టీఎస్‌లో తప్పుకు మార్కు కోయరు. ఖాళీ వదలడం ఒక్కటే నిజమైన నష్టం. ఆ రెండు ప్రశ్నల కోసం పట్టుబట్టిన ఐదు నిమిషాలు మూడో ప్యాసేజీలో నాలుగు మార్కుల విలువ చేస్తాయి.

వరసగా వచ్చేవి, వరస లేనివి విడదీసుకోండి. ట్రూ ఫాల్స్, వాక్యం పూర్తిచేయడం, మల్టిపుల్ చాయిస్ వరసలో ఉంటాయి. ఏ సమాచారం ఏ పేరాలో ఉందో చెప్పమనేవి వరసలో ఉండవు. వాటిని ఆ ప్యాసేజీలో ఆఖరున చేయండి. అప్పటికి ప్యాసేజీ అంతా పరిచయమై ఉంటుంది.

కాగితం మీద రాసేవాళ్లు ఇంకోటి గమనించాలి. లిజనింగ్‌లో జవాబులు షీట్‌లోకి ఎక్కించడానికి పది నిమిషాలిస్తారు. రీడింగ్‌లో ఇవ్వరు. ఆ 60 నిమిషాల్లోనే ఎక్కించాలి. ఇంట్లో కూడా నేరుగా షీట్ మీదే రాయడం అలవాటు చేసుకోండి. కంప్యూటర్‌లో రాయబోతే ప్యాసేజీ ఒక పక్క, ప్రశ్నలు ఒక పక్క ఉంటాయి. పెన్సిల్ గీతకు బదులు మౌస్‌తో హైలైట్ చేయాలి. చివరి నాలుగైదు టెస్టులు తెర మీదే చేయండి. నమూనా టెస్టులు పరీక్ష నిర్వాహకుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మా అబ్బాయి కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం జనరల్ ట్రైనింగ్ రాస్తున్నాడు. అది తేలిక పేపరని స్నేహితులు అంటున్నారట, పెద్దగా చదవడం లేదు. నిజంగా తేలికేనా?
– ఒక తండ్రి, మొగల్రాజపురం, విజయవాడ

ప్యాసేజీలు తేలిక, మార్కులు తేలిక కాదండీ. అకడమిక్‌లో 30 వస్తే 7 బ్యాండ్ ఇస్తారు. జనరల్ ట్రైనింగ్‌లో అదే 30కి వచ్చేది 6. ఇక్కడ 7 రావాలంటే 34 కావాలి. కెనడా పీఆర్ దరఖాస్తుల పద్ధతి అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చాలామంది గురిపెట్టే సీఎల్‌బీ (కెనడా భాషా ప్రమాణం) 9 స్థాయికి రీడింగ్‌లో 7 ఉండాలి. అంటే మీ అబ్బాయి నలభైలో ఆరింటికి మించి తప్పు చేయకూడదు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి.

మొదటి సెక్షన్‌లో ప్రకటనలు, నోటీసులు, టైమ్‌టేబుళ్ల లాంటి చిన్న పాఠాలు ఉంటాయి. రెండోదాంట్లో ఉద్యోగానికి సంబంధించినవి: సెలవు నియమాలు, శిక్షణ, భద్రతా సూచనలు. మూడోది అకడమిక్ తరహాలో ఒక పెద్ద వ్యాసం. మొదటి రెండింటిలో మార్కులు పోయేది ఇంగ్లిష్ రాక కాదు, మినహాయింపు చూడక. ‘అన్‌లెస్’, ‘ఎక్సెప్ట్’, ‘అట్ లీస్ట్’, ‘ప్రయర్ టు’ లాంటి మాటలు, చుక్క గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో రాసిన షరతు. ప్రశ్న దాని మీదే వస్తుంది.

సాధనకు ఒక మంచి సరుకు మీ ఫోన్‌లోనే ఉంది. ఐఆర్‌సీటీసీ సైట్‌లో టికెట్ రద్దు, రిఫండ్ నియమాలు ఇంగ్లిష్‌లో చదవమనండి. ఎన్ని గంటల ముందు, ఏ తరగతికి, వెయిటింగ్ లిస్ట్ అయితే ఎలా, తత్కాల్ అయితే ఎలా అన్న షరతులన్నీ సెక్షన్ 2 పాఠం లాగే ఉంటాయి. చదివి ఐదు ప్రశ్నలు తనే తయారుచేయాలి, ఒకటి నాట్ గివెన్ అయ్యేలా. ప్రశ్న తయారుచేయడం మొదలుపెడితే పేపర్ ఇచ్చేవాళ్లు ఉచ్చు ఎక్కడ పెడతారో తెలుస్తుంది. మీరు జవాబులు చెప్పి చూడండి, ఇద్దరికీ కాలక్షేపం.

సమయం విషయంలో, మొదటి రెండు సెక్షన్లూ కలిపి 35 నిమిషాల్లో ముగించి మూడోదానికి 25 ఉంచుకోవాలి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటేనే అర్థమవుతుంది. పెద్ద వాక్యం వస్తే మొదలు మర్చిపోతున్నాను.
– నర్సింగ్ చదివిన పాఠకురాలు, మంగళగిరి, గుంటూరు జిల్లా

మీ ఇబ్బందికి కారణం వాక్యం అమరిక. తెలుగులో వివరణ అంతా ముందు వచ్చి, మనిషి తర్వాత వస్తాడు. ‘వానలకు ముందే మిర్చి అమ్మేసిన రైతులకు మంచి ధర వచ్చింది’ అంటాం. ఇంగ్లిష్‌లో రైతులు ముందొచ్చి, వాళ్లెవరో తర్వాత వస్తుంది. ‘ది ఫార్మర్స్ హూ హ్యాడ్ సోల్డ్ దెయిర్ చిల్లీస్ బిఫోర్ ది రెయిన్స్ రిసీవ్డ్ ఎ బెటర్ ప్రైస్’. ఎడమ నుంచి కుడికి ఒక్కో మాటా మార్చుకుంటూ పోతే ‘రెయిన్స్ రిసీవ్డ్’ దగ్గర దారి తప్పుతుంది. ధర వచ్చింది వానలకా?

అందుకని వాక్యం పెద్దదైతే అర్థం చూడకముందే రెండు పట్టుకోండి: ఎవరు, ఏం చేశారు. పై వాక్యంలో ఫార్మర్స్, రిసీవ్డ్. ‘హూ’ నుంచి ‘రెయిన్స్’ దాకా పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టండి. బ్రాకెట్ బయట ఉన్నది ముందు చదవండి: రైతులకు మెరుగైన ధర వచ్చింది. ఆ తర్వాత లోపలికి వెళ్లండి: ఏ రైతులకు? హూ, విచ్, దట్, వేర్‌తో మొదలయ్యే ముక్కలన్నిటికీ ఇదే పద్ధతి. రెండు కామాల మధ్య ఇరికించిన ముక్కకు కూడా.

రోజూ 20 నిమిషాలు, 150 పదాల పేరా ఒకటే. మొదటిసారి బ్రాకెట్లు పెడుతూ చదవండి, రెండోసారి బ్రాకెట్లు వదిలేసి, మూడోసారి అన్నీ కలిపి ఆగకుండా. మూడో చదువులో మీరు తెలుగులోకి మార్చుకోవడం లేదని మీకే తెలుస్తుంది. తెలియని పదం రాగానే డిక్షనరీ తెరవకండి. ఆ పేరా పూర్తయ్యాక, అర్థానికి అడ్డం పడ్డ పదాలు మాత్రం, ఐదుకు మించకుండా చూడండి. వాటిని విడివిడిగా కాకుండా ఆ వాక్యంతో సహా రాసుకోవాలి.

పేరాలకు ఇంగ్లిష్ దినపత్రికల్లో సైన్స్, పర్యావరణం, చరిత్ర వ్యాసాలు తీసుకోండి. రాజకీయ వార్తల కన్నా ఇవే పరీక్ష ప్యాసేజీలకు దగ్గర. మూడు వారాలు అసలు గడియారం పెట్టొద్దు. నాలుగో వారం నుంచి ఒక్క ప్యాసేజీకి 25 నిమిషాలు, ఆరో వారం నుంచి 20. గంట మొత్తం పేపర్ ఆ తర్వాతే. ముందే పూర్తి టెస్టుల్లోకి దూకితే భయం పెరుగుతుంది, చదువు పెరగదు.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో జవాబు తెలిసినా తప్పు పడుతోంది. ఎందుకు?
– లక్ష్మీపురం, గుంటూరు

మూడు కారణాలు. ఒకటి, పదాల హద్దు. ‘రెండు పదాలకు మించకూడదు’ అని ఉంటే మూడో పదం ‘ది’ అయినా మార్కు పోతుంది. హైఫన్‌తో కలిసిన మాట ఒక్క పదం కిందే లెక్క. రెండు, ఏకవచనం, బహువచనం. ప్యాసేజీలో ‘సీడ్స్’ ఉంటే ‘సీడ్’ రాస్తే తప్పు. మూడు, స్పెల్లింగ్. ‘ప్యాసేజీ నుంచి తీసుకోండి’ అన్నచోట పదాన్ని మార్చకుండా అక్షరం అక్షరం చూసి దించాలి. అర్థం అదే కదా అని సొంత మాట రాయకూడదు. రాశాక ఖాళీతో సహా వాక్యం మొత్తం ఒకసారి చదివితే, నామవాచకం కావలసిన చోట క్రియ రాశారేమో అక్కడే బయటపడుతుంది.

బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకూ ఇదే సాధన సరిపోతుందా?
– గవర్నర్‌పేట, విజయవాడ

చదివే పద్ధతి, తప్పుల నోట్‌బుక్ అవే. పరీక్షలో నడక మాత్రం వేరు. ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్యాసేజీతో పాటు గ్రామర్, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపడం) కూడా అందులోనే. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోస్తారు. కాబట్టి ఐఈఎల్‌టీఎస్‌లో లాగా ఖాళీలన్నీ నింపకండి. ఐదు ఆప్షన్లలో మూడు కొట్టేయగలిగితేనే గుర్తించండి. ప్యాసేజీకి ఎనిమిది నిమిషాలకు మించి ఇవ్వొద్దు. దాన్ని చిన్న ప్రశ్నలన్నీ అయ్యాకే ముట్టుకోండి. ప్యాసేజీ కింద పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు అడిగే ప్రశ్నలు ఒక్క వాక్యం చూసి చేసేయవచ్చు. మొత్తం చదివే సమయం లేకపోయినా వాటిని వదలకండి.